మూడు లక్షల బ్యాలెన్సు

పోయిన మంగళవారం మా వీధిలో ఉండే ఒకామె ఇంటికొచ్చింది. ఆమె కొడుకు బర్మింగ్‌హామ్‌లో చదువుతున్నాడు. మంచినీళ్ళు ఇచ్చేలోపలే అడిగేసింది.

"అక్కా, మీ పాపకు యూరప్ వీసా వచ్చిందంట గదా. అకౌంట్లో ఎంత ఏసినారు?"

ఏం కాగితాలు పెట్టారని అడగలేదు. ఎన్ని రోజులు పట్టిందని అడగలేదు. ఎంత వేశారు, అంతే. జాతరలో ఏ దుకాణానికి ఎంత చందా అన్నట్టు.

ఆమెను తప్పు పట్టడానికి నాకు హక్కు లేదు. సంక్రాంతికి నేను కూడా అదే పని చేశాను. చేసినందుకే ఈ రోజు రాస్తున్నాను. ఇది చదివితే మా బంధువుల్లో ఇద్దరు ముగ్గురు నాతో మాట్లాడరు. పర్వాలేదు, పెళ్ళిళ్ళ సీజన్ అయిపోతే ఎలాగూ ఎవరూ మాట్లాడరు.

మా పెద్దమ్మాయి పోయిన సెప్టెంబరులో ఇంగ్లండు పోయింది. లీడ్స్‌లో ఏడాది చదువు. ఈస్టర్ సెలవుల్లో క్లాసు పిల్లలు నలుగురు కలిసి ఆరు రోజులు యూరప్ చూసి వద్దామనుకున్నారు. నలుగురిలో ఇద్దరు ఇంగ్లండు పిల్లలు, ఒకమ్మాయిది మలేసియా, ఒకతి మాది. మొదటి ముగ్గురికీ పాస్‌పోర్టు చాలు, తొంభై రోజుల వరకు వీసా అక్కర్లేదు. మా అమ్మాయికి మాత్రం షెంగెన్ వీసా కావాలి.

"ఇంగ్లండులోనే ఉంది గదా, మళ్ళా వీసా ఏంది? ఆళ్ళగడ్డలో ఉండి నంద్యాల పోవాలంటే చీటీ అడిగినట్టుంది" అంది మా అత్త. ఆమెకు చెప్పినట్టే మీకూ చెప్తాను. షెంగెన్ అనేది లక్సెంబర్గ్ దేశంలో మోసెల్ నది ఒడ్డున ఉండే చిన్న పల్లె. 1985 జూన్ 14న అయిదు దేశాల వాళ్ళు అక్కడ నది మీద పడవలో కూర్చుని, మన మధ్య సరిహద్దుల్లో తనిఖీలు తీసేద్దామని సంతకాలు పెట్టుకున్నారు. ఆ అయిదు ఇప్పుడు 29 అయినాయి. ఒక్క వీసా ఉంటే అన్నిట్లోనూ తిరగొచ్చు. బ్రిటన్ అందులో ఎప్పుడూ చేరలేదు. కాబట్టి బ్రిటన్ వీసా వేరే, ఇది వేరే. చిన్న పల్లె పేరు ప్రపంచమంతా చెప్పుకునే పేరైంది, మా అహోబిలం లాగే అనుకుని సంతోషపడ్డాను మొదట్లో.

ఫోను వచ్చింది కనుమ రోజు. మా ఊళ్ళో కనుమంటే పారువేట మొదలు. స్వామి పల్లకీ ఎక్కి ఊర్లు తిరగడానికి బయలుదేరే రోజు. నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊర్లు. చెంచులక్ష్మితో తన పెళ్ళికి రమ్మని స్వామే ఇంటింటికీ పిలవను పోతాడని మా నమ్మకం. ఆ సందడిలో ఫోను సరిగ్గా వినపడలేదు. "అమ్మా, మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారంట. నా దాంట్లో ఉన్నేది చాలుతుందేమో" అంది. ఆమె చాలుతుందేమో అంటే నాకు చాలదేమో అని వినపడింది. నిజంగా చెప్తున్నాను, ఆ ఒక్క అక్షరం దగ్గరే కథంతా తిరిగింది.

పక్కనే మా మరిది ఉన్నాడు. ఈ విషయాల్లో ఆయన పెద్ద. "వదినా, ఆళ్ళు చూసేది క్లోజింగ్ బ్యాలెన్స్ ఒక్కటే. మూడు లక్షలు కొట్టి చూపిచ్చు. వీసా వచ్చినాక వెనక్కి తెప్పిచ్చుకో" అన్నాడు.

మాకు అప్పటికి మూడు లక్షలు చేతిలో లేవు. శనగ ఇంకా చేలో ఉంది. నా గొలుసు, రెండు గాజులు తీసుకుని ఆళ్ళగడ్డ పోయి కుదవ పెట్టాను. నూటికి రూపాయిన్నర వడ్డీ. రెండున్నర వేల పౌండ్లకు కొంచెం తక్కువ వచ్చింది, అమ్మాయి ఖాతాలో పడింది. వారం తర్వాత మాంచెస్టర్‌లో అపాయింట్‌మెంట్. వేలిముద్రలు, ఫొటో. ఫీజు 90 యూరోలు. 2024 జూన్ దాకా 80 ఉండేది, అప్పుడు పెంచారు. మన డబ్బులో తొమ్మిది వేల పైన. సెంటర్ వాళ్ళ సర్వీస్ చార్జి వేరే. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు.

రాలేదు. డబ్బూ రాలేదు, వీసా కూడా రాలేదు.

ఏ దేశం వాళ్ళు కాదన్నారో పేరు చెప్పను. వాళ్ళ తప్పేమీ లేదు కాబట్టి చెప్పాల్సిన పనీ లేదు. కాదన్నప్పుడు అన్ని దేశాలూ ఒకే రకం ఫారం ఇస్తాయి. కారణాల పక్కన గడులుంటాయి, వర్తించే దానికి టిక్కు. మా అమ్మాయి ఫారంలో రెండు టిక్కులు. ఒకటి, ఎందుకు వస్తున్నావో, ఎలా ఉంటావో నువ్వు చెప్పింది నమ్మేటట్టు లేదని. రెండోది, గడువు లోపల తిరిగి వెళ్తావా అన్నదానిపై అనుమానం ఉందని.

మా అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అరిచింది. "అమ్మా, నా స్టేట్‌మెంట్ చూడు ఒకసారి. వారానికి ఎనభై, తొంభై పౌండ్లు జీతం పడుతుంటాయి. మధ్యలో ఒకే రోజు రెండు వేల పైన! నేనే ఆఫీసరైనా అనుమానపడతాను. నన్ను అడగకుండా ఎందుకు ఏసినావు?"

చూశాను. నాకు బీఏలో లెక్కలు లేవు, తెలుగు ఒక్కటే. అయినా కనపడింది. అక్టోబరు నుంచి జనవరి దాకా ఒక ఆడపిల్ల ఎలా బతికిందో ఆ కాగితం మీద ఉంది. బస్సు పాసు, బియ్యం, ఫోను రీచార్జి, శని ఆదివారాలు కేఫ్‌లో పని చేసిన జీతం. చదువు సాగేటప్పుడు వారానికి ఇరవై గంటలే పని చేయాలి, ఆ లెక్క తప్పకుండా ఉంది. పొదుపుగా, వరసగా, మా అమ్మ చాకలి పద్దు రాసినట్టు ఉంది. దాని మధ్యలో నా మూడు లక్షలు. నేనే నా బిడ్డ బతుకును అబద్ధం లాగా కనిపించేటట్టు చేశాను.

ఇంకా సిగ్గుపడే సంగతి తర్వాత తెలిసింది. అంత డబ్బు అసలు అడగనే లేదు. రోజుకు ఎంత ఉండాలో ఒక్కో దేశం ఒక్కో లెక్క ప్రకటించి ఉంచింది. ఫ్రాన్సు సంగతి చూడండి. హోటల్ బుక్ అయి ఉంటే మనిషికి రోజుకు 65 యూరోలు, బుక్ కాకపోతే 120. ఆరు రోజులకు 65 చొప్పున 390 యూరోలు. నలభై వేల చిల్లర. మా అమ్మాయి పోదామనుకున్న దేశం లెక్క వేరైనా, ఆరు రోజులకు సరిపోయేంత ఆమె ఖాతాలో ముందే ఉంది. నలభై వేలు అడిగిన చోట మూడు లక్షలు పెట్టాను, అదీ బంగారం కుదవ పెట్టి. ఎవరిని చూసి చేశాను? మా మరిదిని. ఆయన ఎవరిని చూసి చెప్పాడు? వాళ్ళ స్నేహితుణ్ణి. ఆ స్నేహితుడికి ఎవరు చెప్పారో నరసింహస్వామికే తెలియాలి.

ఈ జబ్బు ఎక్కడ పట్టిందో మనకందరికీ తెలుసు. పిల్లల్ని పంపేటప్పుడే పట్టింది. బ్రిటన్ చదువు వీసాకు ఖర్చుల డబ్బు వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. 2025 నవంబరు దాకా లండన్ బయట అయితే నెలకు 1,136 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలలకు 10,224 పౌండ్లు ఉండేది, ఫీజు బాకీ వేరే. ఇరవై ఎనిమిది రోజులకు ఫండ్స్ చూపిస్తాం, ఇంత కమీషన్ అని చెప్పే వాళ్ళు ఏ ఊళ్ళో లేరు చెప్పండి? మేము బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నాం కాబట్టి ఆ గుమ్మం ఎక్కలేదు. ఎక్కలేదని గర్వపడ్డాను కూడా. నాలుగు నెలలు తిరక్కుండానే అదే పని నా గొలుసుతో నేను చేశాను.

మన వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. లేకపోతే న్యాయం కాదు. ఉద్యోగస్తుల పిల్లలకు నాన్న పే స్లిప్పులుంటాయి, ఐటీ రిటర్నులుంటాయి. మా ఇంట్లో ఏముంటాయి? పట్టాదారు పాసు పుస్తకం, అదీ తెలుగులో. వ్యవసాయం ఆదాయానికి పన్ను లేదు కాబట్టి రిటర్న్ వేయం. కేసీ కాలువలో నీళ్ళొచ్చిన ఏడు ఒక లెక్క, రాని ఏడు ఒక లెక్క. ఇరవై ఏళ్ళుగా నలుగురిని సాకిన సంసారం కాగితం మీదికి ఎక్కదు. అందుకే కాగితం కోసం డబ్బు అప్పు తెస్తాం. మేము లేనివాళ్ళం కాదని చూపించుకోవాలన్న ఉక్రోషం అది. నాకు తెలుసు, ఆ రోజు ఆళ్ళగడ్డ బస్సులో గొలుసు కొంగున కట్టుకుని కూర్చున్నప్పుడు నాలో ఉన్నది అదే.

కానీ ఆ ఉక్రోషానికి ఖరీదు కట్టేది పిల్లలు. వేలిముద్రలతో సహా ఆ వివరాలు అయిదేళ్ళ వరకు వాళ్ళ కంప్యూటర్లలో ఉంటాయి. 29 దేశాల్లో ఏ దేశం వాళ్ళయినా చూడొచ్చు. రేపు ఇంకో దేశం ఫారంలో ఎప్పుడైనా వీసా నిరాకరించారా అని అడిగితే అవునని రాయాల్సింది మా అమ్మాయే గానీ నేను కాదు, మా మరిది అంతకన్నా కాదు.

మా మరిది దీనికి కూడా జవాబు చెప్పాడు. "వదినా, ఆళ్ళు మనల్ని ఎట్లాగూ దొంగల మాదిరే చూస్తారు. మనం సక్కంగా ఉంటే మాత్రం నమ్ముతారా?" అని. ఈ మాటలో పస ఉంది, కొట్టిపారేయను. ఒకే బెంచీ మీద కూర్చునే నలుగురు పిల్లల్లో ముగ్గురిని ఎవరూ ఏమీ అడగరు. నాలుగో పిల్ల బ్యాంకు పుస్తకం, యూనివర్సిటీ ఉత్తరం, 30,000 యూరోల ఇన్సూరెన్సు, హోటల్ బుకింగు, పోనూరానూ టికెట్టు బుకింగు, బ్రిటన్‌లో ఉండే హక్కుందని చూపే ఈవీసా షేర్ కోడ్, అన్నీ పట్టుకుని గంట సేపు రైల్లో పోవాలి. తిరిగి వస్తానని రాసి ఇవ్వాలి. ఎందుకని? పుట్టిన చోటు. అది అవమానమే, దాన్ని అవమానమనే అంటాను. 2024లో మన దేశం నుంచి షెంగెన్ వీసాకు 11 లక్షలకు పైగా దరఖాస్తులు పోతే, లక్షన్నరకు పైగా కాదన్నారు. వాళ్ళందరూ దొంగ లెక్కలు చూపించినవాళ్ళే అంటే నేనొప్పుకోను. నిజం చెప్పి కూడా పోగొట్టుకున్న వాళ్ళు ఎంతమందో.

అయితే అవమానానికి బదులు అబద్ధం ఎలా అవుతుంది, మరిదీ? నన్ను దొంగంటావా, ఉండు దొంగతనం చేసి చూపిస్తాను అన్నట్టుంది. మనం పెట్టే ప్రతి అప్పు బ్యాలెన్సూ ఆ ఆఫీసరు అనుమానానికి ఒక సాక్ష్యం. తర్వాత వచ్చే ఇంకో రైతు బిడ్డ స్టేట్‌మెంటును ఆయన ఇంకొంచెం కళ్ళు చికిలించి చూస్తాడు. ఆ బిడ్డ మీదయినా కావచ్చు.

ఇంతలో ఇంట్లో ఇంకో రకం కాన్సులేట్ మొదలైంది. వీసా కాదన్నారని తెలియగానే ఫోన్లు. "సదువుకోను పంపితే తిరగను పోతాదా?" "ఎవురెవురు పోతాండారంట? మొగపిల్లోళ్ళు ఉండారా?" "కాదన్నేదే మేలైందిలే, పెండ్లి చేయాల్సిన పిల్ల." మా చుట్టాల్లోనే ఒక పిల్లవాడు పోయిన ఎండాకాలం స్విట్జర్లాండ్ మంచు మీద చొక్కా విప్పి ఫొటో పెడితే ఇదే నోళ్ళు "మా వాడు, మా వాడు" అని అందరికీ చూపించాయి. ఆ ఫారంలో ఉన్న రెండో టిక్కు, తిరిగి వెళ్తుందా అన్న అనుమానం, ఆ ఆఫీసరుకు మా అమ్మాయి ఎవరో తెలియక పెట్టింది. ఈ మేనత్తలకు, పెదనాయనలకు పుట్టినప్పటి నుంచి తెలుసు. తెలిసీ పెట్టారు టిక్కు. నాకు ఏది ఎక్కువ నొప్పి పుట్టించిందో చెప్పక్కర్లేదు.

తిరగడం చెడ్డ పని ఎప్పుడైంది మనకు? ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో మద్రాసులో బయలుదేరి కాశీకి పోయి 1831 సెప్టెంబరులో ఇంటికి చేరాడు. దారిలో మా అహోబిలం కూడా చూసి పోయాడు. ఆయన కాశీయాత్ర చరిత్రను బీఏలో మాకు గొప్ప యాత్రాగ్రంథమని చెప్పారు, చదువు మానేసి తిరిగాడని ఎవరూ చెప్పలేదు. మా స్వామి ఏటా నలభై రోజులు ఊర్లు పట్టుకుని తిరుగుతాడు. ఆయన్ను రిటర్న్ టికెట్ అడిగిన వాళ్ళు లేరు. చెంచులక్ష్మిని మాత్రం అడిగి ఉంటారు లెండి, ఆడపిల్ల గదా.

సరే. రెండోసారి ఏమైందో చెప్తాను, ఎందుకంటే మా వీధి ఆమెకు కావాల్సింది అదే.

డబ్బు వెనక్కి పంపమన్నాను, పంపింది. ఇప్పుడు స్టేట్‌మెంట్ ఇంకా అందంగా తయారైంది. జనవరిలో అంత మొత్తం లోపలికి, ఫిబ్రవరిలో అంతే బయటికి. మూడు నెలల కాగితం అడుగుతారు కాబట్టి దాచడానికి లేదు. ఏజెంటు ఒకరు వేరే బ్యాంకులో కొత్త ఖాతా తెరిచి దాన్ని చూపించమన్నారంట. మా అమ్మాయి వద్దంది. దరఖాస్తుతో పెట్టే ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు రాస్తానంది. నాకు చదివి వినిపించింది. మొదటిసారి కాదన్నారని మొదటి వాక్యంలోనే ఉంది. ఆ తర్వాత, జనవరిలో పడిన మొత్తం మా అమ్మ బంగారం తాకట్టు పెట్టి పంపిన అప్పు, అది నా డబ్బు కాదు, వెనక్కి పంపేశాను, ఈ ప్రయాణానికి నేను చూపిస్తున్నది నా పొదుపు, నా పని జీతం మాత్రమే, జీతం కాగితాలు జతచేశాను అని ఇంగ్లీషులో రాసింది.

నేను వద్దన్నాను. అమ్మ బంగారం తాకట్టు అని పరాయి దేశం కాగితం మీద ఎందుకు? మర్యాదేనా? "సాయం అని రాయి" అన్నాను.

"సాయం కాదు గదమ్మా. అప్పు గదా" అంది.

ఫోను పెట్టేసి చాలాసేపు వసారాలో కూర్చున్నాను. మూడు లక్షలు కుదవ పెట్టినప్పుడు పోని మర్యాద ఆ ఒక్క మాట రాస్తే పోతుందనుకున్నాను. ఎవరి దగ్గర? ఆ ఆఫీసరుకు నేనెవరో తెలియదు. ఆళ్ళగడ్డలో కుదవ కొట్టు ఆయనకు అందరూ తెలుసు, ఆయన దగ్గర పోనే పోయింది.

అలాగే పెట్టింది. మళ్ళీ 90 యూరోలు, మళ్ళీ మాంచెస్టర్. నిబంధనల్లో 15 రోజుల్లో చెప్పాలని ఉంది, అవసరమైతే 45 దాకా పోవచ్చు. ఆమెకు పందొమ్మిదో రోజు వచ్చింది. మూడు నెలలు కాదు, ఆరు నెలలు కాదు, అడిగిన రోజులకు కొంచెం అటూ ఇటూ అంతే. పోయి వచ్చింది. ఈఫిల్ టవర్ కింద ఫొటోలో మా అత్త పంపిన స్వెట్టర్ వేసుకుంది. తిరిగి లీడ్స్ చేరిన రోజు రాత్రి ఫోను చేసి, బియ్యం అయిపోయాయి అంది.

నిజం రాసింది కాబట్టి వీసా వచ్చిందని నేను మీకు ప్రమాణం చేయలేను. వేరే ఆఫీసరు వేరే రోజు కాదని ఉండొచ్చు. అప్పుడు ఇంకో 90 యూరోలు పోయేవి, ఈ రాత ఇంకొంచెం కోపంగా ఉండేది. కానీ ఆ ఉత్తరంలో ఒక్క మాట కూడా రేపు ఎవరైనా అడిగితే ఆమె మార్చి చెప్పాల్సిన పని లేదు. కాదన్న ఫారంలోనే అప్పీలు హక్కు గురించి రాసి ఉంటుంది. నిజం కాగితాలున్న పిల్ల ఆ హక్కు వాడుకోగలదు. మొదటిసారి మేము అప్పీలు చేయాలనుకుంటే ఏమని చేసేవాళ్ళం?

ఇదంతా మా వీధి ఆమెకు చెప్పాను. ఇంత పొడుగ్గా కాదు. మీ వాడి ఖాతాలో ఇప్పుడెంత ఉంది అని అడిగాను. తెలియదంది. అడుగమ్మా ముందు, ఎన్ని రోజులు పోతాడో, ఏ దేశంలో ఎక్కువ రోజులుంటాడో అడుగు, ఆ దేశం వాళ్ళకే పెట్టాలి దరఖాస్తు, వాళ్ళ లెక్క రోజుకు ఎంతో చూడమను అన్నాను. పని చేసిన జీతం కాగితాలు దాచుకున్నాడా అని అడిగాను. మీరు నిజంగా డబ్బు ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, మళ్ళీ వెనక్కి తీసుకోని డబ్బు ఇవ్వండి, అది ఎక్కడిదో రాయమనండి అన్నాను.

ఆమె అంతా విని తలాడించింది. లేచేటప్పుడు గడప దగ్గర నిలబడి, "అది సరేగానీ అక్కా, ఒక రెండు లక్షలైనా ఏస్తే మేలేమో. మా ఆయన ఇప్పటికే మాట్లాడినాడు" అంది. ఆమె మెడలో గొలుసు లేదు.

నాది కూడా ఇంకా రాలేదు. ఇంటికొచ్చిన డబ్బులో సగం అప్పుడే మందులకు, కూలీలకు పోయింది. శనగకు ఇంకొంచెం ధర వస్తుందని మా ఆయన కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. ధర వచ్చేదాకా వడ్డీ నడుస్తూనే ఉంటుంది.